గ్రామీణ బ్యాంకు ఇంటర్వ్యూ: బట్టీ పట్టిన పరిచయమా, సొంత మాటలా?

నాగావళి ఒడ్డు (రాయగడ, ఒడిశా):
మా చెల్లికి గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్-1 ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, భువనేశ్వర్‌లో. కోచింగ్ సార్ ఇంగ్లీషులో ఒక పేజీ రాసిచ్చి, పొల్లుపోకుండా అప్పజెప్పమన్నారు. అందులో మాది తెలుగిల్లని లేదు, నాన్న పత్తి కొనే వ్యాపారం ఊసే లేదు. "ఆంధ్రా వాళ్ళనుకుంటారు, ఎత్తకు" అన్నారట. చెల్లి ఒడియా మీడియం. ఇంగ్లీషు రాస్తుంది గానీ మాట్లాడాలంటే తడబడుతుంది. బట్టీయే నయమా?

బరంపురం పెద్దాయన (రిటైర్డ్ బ్యాంకు మేనేజరు):
దాచి లాభమేంటి బాబూ? బయోడేటా ఇంటర్వ్యూ బోర్డు ముందే ఉంటుంది, ఇంటిపేరు చూస్తే తెలియదా? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన గంజాం, కొరాపుట్ వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. ఇక్కడ తెలుగువాళ్ళుండటం ఎవరికీ వింత కాదు.

వాళ్ళు అడిగేది వేరు. గ్రామీణ బ్యాంకులు ఎందుకు పెట్టారు (1975), వాటాలెవరివి (కేంద్రం 50, స్పాన్సర్ బ్యాంకు, అంటే వెనకుండే పెద్ద బ్యాంకు 35, రాష్ట్రం 15 శాతం), 2025 మే 1న ఒడిశాలోని రెండూ కలిసి ఒకటే ఎందుకయ్యాయి, ఇవి చదువుకుంటే వస్తాయి. "రాయగడలో బ్రాంచి నీ చేతికిస్తే ఎవరికి అప్పిస్తావు?" అంటే పుస్తకం చాలదు. ఈ బ్యాంకుల అప్పుల్లో 75 శాతం ప్రాధాన్య రంగానికే (సాగు, చిన్న వ్యాపారాల్లాంటివి) పోవాలి. 1998 నుంచీ కిసాన్ క్రెడిట్ కార్డుంది. అయినా పత్తి రైతు షావుకారు గుమ్మం ఎందుకెక్కుతాడు? ఆ వ్యాపారం చూస్తూ పెరిగిన పిల్ల చెప్పినట్టు ఇంకెవరు చెప్పగలరు? అదే కొట్టేయించాడంటే ఆ కోచింగాయన తెలివి ఏమనాలో నాకర్థం కావట్లేదు.

వంశధార (గుణుపురం):
పెద్దాయనా, మీరు ప్రశ్నలు వేసిన వైపు మనిషి. నేను చెమటలు కక్కిన వైపువాణ్ణి. ఒక ప్రైవేటు బ్యాంకు ఇంటర్వ్యూలో కూర్చోగానే "ఆంధ్రా నుంచా?" అన్నారు. ఇక్కడే పుట్టానని నచ్చజెప్పేసరికే నాకిచ్చిన సమయం అయిపోయింది. బట్టీని చులకన చెయ్యకండి, మొదటి నిమిషంలో గొంతు పెగలడానికి అదే దిక్కు. పైగా తుది లెక్కలో ఇంటర్వ్యూ వాటా 20 శాతమే అయినా, ఆ ఇంటర్వ్యూలో నూటికి 40 మార్కులు (రిజర్వుడు వాళ్ళకి 35) రాకపోతే మెయిన్స్ ఎంత బాగా రాసినా బూడిదలో పోసిన పన్నీరే. లేనిపోని సాహసం దేనికి?

ఇంకోటి. "నాన్న పత్తి కొంటారు" అని ఆ పిల్ల తనంతట తనే అన్నదనుకోండి. "పంటకి ముందే డబ్బిచ్చి రైతుని కట్టేసేది మీ నాన్నేనా?" అంటే ఏం చెబుతుంది?

ప్రాణహిత గట్టు (సిరొంచ):
మా గడ్చిరోలిలోనూ ఇదే గోల, మరాఠీతో. స్థానిక భాష రావాలని నోటిఫికేషన్లోనే ఉంది, చెల్లికి ఒడియా వచ్చు, ఇక భయమేంటి? మా వైపు తెలుగు, గోండి, మరాఠీ మూడూ వచ్చినవాడు కౌంటర్లో ఉంటేనే జనానికి పని జరుగుతుంది. తెలుగు కూడా వచ్చని చెప్పుకోవాలి గానీ దాచడమేంటండీ.

నాగావళి ఒడ్డు:
వంశధార అన్నయ్యా, సూటిగా తగిలింది. నాన్న అడ్వాన్సులు ఇచ్చే మాట నిజమే.

బరంపురం పెద్దాయన:
అయితే బోర్డు కంటే ముందు మీరే ఆ ప్రశ్న వెయ్యండి చెల్లికి. నాన్నని వెనకేసుకు రానక్కర్లేదు, తిట్టనూ అక్కర్లేదు. "అడిగిన రోజే చేతిలో డబ్బు పెడతారు, కాగితాలు అడగరు, అందుకే వస్తారు. కార్డు రెన్యువల్ విత్తనాల వేళకి అయితే ఆ రైతు బ్యాంకుకే వస్తాడు" అనగలిగితే చాలు. ఇంగ్లీషు మధ్యలో ఇరుక్కుంటే "ఒడియాలో చెప్పవచ్చా సార్" అని అడిగి మారమను, అడక్కుండా వద్దు. తెలియనిది తెలియదనాలి. బట్టల గురించి బెంగొద్దు, ఇస్త్రీ చేసిన చుడీదార్ చాలు. హిరాఖండ్ రైలు రాత్రి ఎక్కి, దిగిన పొద్దున్నే ఇంటర్వ్యూకి పరుగెత్తకండి, ముందురోజే చేరండి.

వంశధార:
ఆ జవాబు బాగుంది, ఒప్పుకుంటాను. అయినా నాది ఒకటే మాట: అడిగితే చెప్పు, అడక్కపోతే నాన్న వ్యాపారం నువ్వు ఎత్తకు. మొదటి నాలుగు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా రావాలి. కోచింగాయన రాసినవి కాదు, తను రాసుకున్నవే.

బరంపురం పెద్దాయన:
నాలుగు వాక్యాలకి సరే. ఎత్తకూడదన్న దానికి మాత్రం ఒప్పుకోను.

ప్రాణహిత గట్టు:
మీ వాదన సాగనివ్వండి గానీ, చెల్లి ఓబీసీ కోటాలో అప్లై చేసిందా? కేంద్ర జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఆంధ్రా జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండాలని లేదు. సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్ (ఓబీసీల్లో బాగా ఉన్నవాళ్ళు) కాదన్న మాటతో ఉండాలి. తహసీల్దారు ఆఫీసుకి ఈ వారమే వెళ్ళండి.

నాగావళి ఒడ్డు:
అదే కోటా అండీ. సర్టిఫికెట్ తీసి చూశాను, రాష్ట్ర నమూనాలో ఉంది. సోమవారమే వెళ్తున్నా.