మహాలే పర్వతాల్లో చింపాంజీలను చూడటానికి రెండు రాత్రులు సరిపోతాయా?

ప్రశ్న

టాంజానియా పశ్చిమ సరిహద్దులో, టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఉన్న మహాలే పర్వతాల జాతీయ పార్కుకు వెళ్లాలని మా కుటుంబం నిశ్చయించుకుంది. సెరెంగెటీలో జీపులో కూర్చుని జంతువులను చూసిన అనుభవం మాకు ఉంది కాని, గైడు వెంట కాలినడకన అడవిలోకి వెళ్లి చింపాంజీలను చూడటం ఇదే మొదటిసారి అవుతుంది. ప్రయాణ ఏర్పాట్లు చూస్తున్న ఏజెంటు మహాలేలో రెండు రాత్రులు చాలునని అంటున్నారు. అంత దూరం వెళ్లి, చింపాంజీలు కనిపించకుండానే తిరిగి రావలసి వస్తుందేమోనని నాకు బెంగగా ఉంది. ఎన్ని రోజులు ఉంటే మంచిది, ఏ నెలలో వెళ్లాలి? కిగోమా పట్టణానికి దగ్గరలోనే గోంబే పార్కు ఉండగా మహాలే దాకా వెళ్లడంలో ప్రత్యేకత ఏమిటి? మాతో పదకొండేళ్ల మా అమ్మాయి, మోకాళ్ల నొప్పులున్న మా నాన్నగారు కూడా వస్తామంటున్నారు. వారి విషయంలోనూ సలహా చెప్పగలరు.

మొదటి జవాబు

నా అభిప్రాయంలో రెండు రాత్రులు చాలవు. పార్కు వైశాల్యం దాదాపు 1,613 చదరపు కిలోమీటర్లు. అందులో ఎనిమిది వందలకు పైగా చింపాంజీలు ఉంటాయని అంచనా. అయితే మనుషుల ఉనికికి అలవాటుపడి, సందర్శకులను దగ్గరకు రానిచ్చేది మాత్రం ఎం గ్రూపు అనే ఒక్క గుంపే. అందులో దాదాపు అరవై ఉంటాయి. గుంపు అంటే అన్నీ ఒకేచోట కలిసి తిరుగుతాయని అనుకోకండి. పొద్దున పది కలిసి బయలుదేరి, మధ్యాహ్నానికి మూడుగా, నాలుగుగా విడిపోయి, పండ్లు ఎక్కువగా దొరికే చెట్టు దగ్గర మళ్లీ ఇరవై, ముప్పై దాకా చేరడం వాటి సహజ జీవన విధానం. అందుచేత ఒకరోజు క్యాంపుకు అరగంట నడకలోనే పెద్ద బృందం కనిపించవచ్చు, మర్నాడు నాలుగు గంటలు కొండ ఎక్కినా దూరపు కేకలు తప్ప ఏమీ దొరకకపోవచ్చు. ట్రాకర్లు తెల్లవారుజామునే బయలుదేరి, కేకలనూ పండ్ల తొక్కలనూ ముందు రాత్రి కట్టుకున్న ఆకు గూళ్లనూ ఆధారం చేసుకుని జాడ తీస్తారు. వారి నుంచి కబురు అందేదాకా మీరు క్యాంపులో వేచి ఉంటారు. జాడ దొరికాక మీరు వాటి దగ్గర గడపగలిగేది ఒక్క గంట మాత్రమే కాబట్టి, కనీసం మూడు ఉదయాలు చేతిలో ఉంచుకోవాలి. వీలైతే నాలుగు రాత్రులు ఉండండి.

కాలం విషయానికి వస్తే, మే నెలాఖరు నుంచి అక్టోబరు దాకా ఎండలు కాస్తాయి. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాబా తీగల పండ్లు పండటంతో చింపాంజీలు సరస్సుకు దగ్గరగా ఉండే కింది వాలుల్లోకి దిగుతాయి, నడక తగ్గుతుంది. వానాకాలంలో అవి పై వాలుల్లో చెదిరిపోతాయి, దారులు జారుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఖరీదైన క్యాంపులు సాధారణంగా మూసే ఉంటాయి. మీ నాన్నగారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకుంటే సెప్టెంబరునే ఎంచుకోమంటాను.

రెండో జవాబు

గోంబే సంగతి నేను చెబుతాను. అది కిగోమాకు ఉత్తరంగా కొద్ది దూరంలోనే ఉంది. పడవలో వెళ్లి రావచ్చు. జేన్ గుడాల్ అనే శాస్త్రవేత్త 1960లో చింపాంజీలపై పరిశోధన ప్రారంభించిన చోటు కనుక దానికి ఉన్న చారిత్రక గౌరవం ఎప్పటికీ తగ్గదు. కాని అది చాలా చిన్న పార్కు. చుట్టూ ఉన్న కొండలపై అడవిలో అధిక భాగం పొలాలుగా మారిపోయింది. మహాలేలో అడవి సరస్సు ఒడ్డు నుంచి మొదలై 2,462 మీటర్ల న్కుంగ్వే శిఖరం దాకా ఎడతెగకుండా మారుతూ పోతుంది: కింద దట్టమైన చెట్లు, పైకి వెళ్లేకొద్దీ వెదురు, ఇంకా పైన గడ్డి మైదానాలు. పార్కు లోపల మోటారు రోడ్లు లేవు. నీటి మీద పడవ, నేల మీద కాళ్లు, అంతే. సమయం తక్కువగా ఉంటే గోంబే చూడండి, అది కూడా తృప్తినిచ్చేదే. చింపాంజీలతోపాటు వాటి అడవిని కూడా పూర్తిగా చూడాలనిపిస్తే మహాలేకు వెళ్లండి.

వెళ్లే మార్గాలు రెండు. అరుషా నుంచి వారానికి రెండుసార్లు, కటవీ పార్కు మీదుగా చిన్న విమానాలు వస్తాయి. అవి పార్కు ఉత్తరపు అంచున దిగుతాయి. అక్కడి నుంచి క్యాంపుకు గంటకు పైగా పడవ ప్రయాణం. మీరు ఎన్ని రాత్రులు ఉండాలన్నది చాలావరకు ఈ విమానాల రోజులే నిర్ణయిస్తాయి. ఒకటి వదిలేస్తే మూడు, నాలుగు రోజులు ఆగవలసిందే. రెండో మార్గం కిగోమా నుంచి నూట ఇరవై కిలోమీటర్లకు పైగా సరస్సు మీద దక్షిణంగా రావడం. వేగపు పడవకు నాలుగైదు గంటలు పడుతుంది, ఊళ్లమధ్య తిరిగే చెక్క పడవలకు అంతకు రెట్టింపు పైనే. మధ్యాహ్నం గాలి లేస్తే ఈ సరస్సు సముద్రంలా మారుతుంది కనుక తెల్లవారకముందే బయలుదేరడం క్షేమం. 1913లో జర్మనీలో నిర్మించిన లీంబా అనే ఓడ ఈ సరస్సు మీద తరతరాలుగా ప్రయాణికులను చేరవేసింది కాని, కుటుంబంతో వెళ్లే ప్రయాణాన్ని దాని రాకపోకల మీద ఆధారపడి వేసుకోవద్దు. ప్రవేశ రుసుము విదేశీయులకు డాలర్లలో ఉంటుంది, ఇరవై నాలుగు గంటల లెక్కన తీసుకుంటారు. క్యాంపుల ఖర్చు భరించలేకపోతే కసీహాలో పార్కువారి బందాలు, అంటే చిన్న కుటీరాలు, అద్దెకు దొరుకుతాయి. వంట సామగ్రి మాత్రం మీరే తీసుకువెళ్లాలి.

మూడో జవాబు

అమ్మాయి విషయం ముందుగా స్పష్టం చేయాలి. మహాలేలో పన్నెండేళ్లు నిండనివారిని చింపాంజీల దగ్గరకు తీసుకువెళ్లరు. ఒక్క ఏడాది ఆగండి. గైడును బతిమాలి ఎలాగో ఒప్పించవచ్చని ఎవరైనా చెబితే దయచేసి వినవద్దు.

నేను పశువైద్య రంగంలో ఉన్నాను కాబట్టి దీని వెనుక ఉన్న కారణాన్ని కాస్త వివరంగా రాస్తాను. మనకు తుమ్ములతో, దగ్గుతో పోయే జలుబు వైరస్‌లు చింపాంజీల ఊపిరితిత్తులను దెబ్బతీసి ప్రాణాలే తీయగలవు, ఎందుకంటే అవి మనకు అంత దగ్గరి బంధువులు, పైగా ఆ వైరస్‌లను ఎదుర్కొనే శక్తి వాటిలో ఏర్పడి ఉండదు. ఇది ఊహ కాదు. 2006లో ఎం గ్రూపులోనే ఫ్లూ వంటి వ్యాధి వ్యాపించి పలు చింపాంజీలు చనిపోయాయి; నమూనాలను పరీక్షించినప్పుడు మనుషులకు సోకే మెటాన్యూమోవైరస్‌కు చాలా దగ్గరగా ఉన్న వైరస్ బయటపడింది. ఆడ చింపాంజీ ఒక పిల్లను కన్నాక మళ్లీ కనడానికి సాధారణంగా ఐదారేళ్లు పడుతుంది. అరవై ఉన్న గుంపులో పది పోతే ఆ లోటు తీరడానికి ఎంత కాలం పడుతుందో మీరే లెక్క వేసుకోండి. పిల్లలు జలుబులను ఎక్కువగా మోసుకొస్తారు, మాస్కును గంటసేపు సరిగా ఉంచుకోలేరు. వయసు నియమం ఉన్నది ప్రధానంగా అందుకే.

పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. మాస్కు తప్పనిసరి, పది మీటర్ల దూరం పాటించాలి, ఒక్కసారికి ఆరుగురికి మించి సందర్శకులు ఉండకూడదు, దగ్గర్లో ఏమీ తినకూడదు, ఫ్లాష్ వాడకూడదు. బయలుదేరే రోజున గొంతు గరగరలాడినా సరే గైడుకు చెప్పి క్యాంపులోనే ఉండిపోండి. అంత డబ్బు పోసి వచ్చాక జబ్బును దాచాలన్న ఆలోచన ఎవరికైనా కలుగుతుంది. నాలుగు రాత్రులు ఉంచుకోమని పైన చెప్పిన సలహాకు ఇది మరో బలమైన కారణం. ఒక్క ఉదయమే చేతిలో ఉన్నవారు జబ్బును దాచుతారు. మీరు ఆ పరిస్థితిలో పడకుండా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అమ్మాయికి పన్నెండు నిండాక, వచ్చే ఏడాది సెప్టెంబరులో నాలుగు రాత్రులకు వెళ్లాలని నిర్ణయించుకున్నాము. నాన్నగారు అన్ని రోజులూ కొండ ఎక్కలేకపోతే క్యాంపు దగ్గర ఆయనకు ఏం తోస్తుంది? అడవిలో మేము గమనించవలసినవి ఏమిటో కూడా చెబితే ముందుగా చదువుకుని వస్తాము.

మొదటి జవాబు ఇచ్చినవారు

నాన్నగారిని మొదటి రోజే కొండకు పంపకండి. రోజూ పొద్దున ట్రాకర్ల కబురు విన్నాక, దగ్గర్లో ఉన్నాయని తెలిసిన రోజున ఆయనను వెంటబెట్టుకుని వెళ్లండి. చేతికర్ర తప్పక ఉంచుకోమనండి, ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మోకాళ్లకు ఎక్కువ శ్రమ. మిగతా రోజుల్లో పడవలో సరస్సు మీద తిరగవచ్చు. ఇది 1,470 మీటర్ల లోతున్న సరస్సు, ప్రపంచంలో బైకాల్ తరువాత ఇదే లోతైనది. ఇక్కడి సిక్లిడ్ చేపల్లో అత్యధికం మరెక్కడా ఉండవు. ఒడ్డున ఈతకు దిగే ముందు మొసళ్ల గురించి, బిల్హార్జియా (నీటిలోని నత్తల ద్వారా సోకే పరాన్నజీవి వ్యాధి) గురించి గైడును అడగడం తప్పనిసరి.

గమనించవలసినవాటిలో నేను మొదట చెప్పేది, రెండు చింపాంజీలు ఎదురెదురుగా కూర్చుని, చెరొక చెయ్యి పైకెత్తి ఒకదాని చేతిని మరొకటి పట్టుకుని, రెండో చేత్తో ఒకదాని బొచ్చు మరొకటి శుభ్రం చేసుకునే తీరు. ఈ అలవాటును శాస్త్రవేత్తలు తొలిసారి వర్ణించినది మహాలే చింపాంజీల్లోనే, 1978లో. గోంబేలో అది వాడుకగా కనిపించలేదు. అలాగే గోంబే చింపాంజీలు పుట్టల్లో పుల్లలు దూర్చి చెదలను తీసి తింటే, ఇక్కడి ఎం గ్రూపు చెట్ల తొర్రల్లోని చీమలను పుల్లతో తీసుకుంటుంది. ఒకే జాతి, ఒకే సరస్సు ఒడ్డు, అయినా పిల్లలు తల్లుల దగ్గర నేర్చుకునేవి వేరు. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన తోషిసాడా నిషిదా 1965లో ఇక్కడ పరిశోధన ప్రారంభించారు, ఇరవై ఏళ్లకు, 1985లో, ఈ ప్రాంతం జాతీయ పార్కు అయింది. అంతకుముందు ఈ కొండల్లో తోంగ్వే ప్రజల ఊళ్లు ఉండేవి. న్కుంగ్వే శిఖరం వారికి పవిత్రమైనది. మీ గైడు తోంగ్వే వారైతే చెట్ల పేర్లు, మందు ఆకుల సంగతులు అడగండి. జబ్బుపడిన చింపాంజీలు చేదుగా ఉండే వెర్నోనియా కొమ్మల లోపలి గుజ్జును నమిలి రసం మింగుతాయి. కడుపులో పురుగులకు తోంగ్వే వారు కూడా అదే మొక్కను మందుగా వాడతారు.

ఏజెంటుతో మాట్లాడేటప్పుడు విమానం వచ్చే రోజులను ముందు ఖాయం చేసుకుని, ఆ తరువాతే క్యాంపుకు బయానా కట్టండి.