ఎల్ శాంటో వెండి ముసుగు కుట్టించడం ఎలా?

ప్రశ్న (ఒంగోలు): ఫిబ్రవరి 5న, వెండి ముసుగుతో ఆడిన మెక్సికో కుస్తీ వీరుడు ఎల్ శాంటో వర్ధంతికి మెక్సికో పద్ధతిలో కుస్తీ ప్రదర్శన పెడుతున్నాం. ముసుగుకి ఏ గుడ్డ మంచిది? నియమాలేంటి?

జవాబు (కావలి): నాలుగు వైపులా సాగే లైక్రానే తీసుకోండన్నా. రేకులా మెరిసే వెండి పూత గుడ్డయితే లాగగానే పగుళ్లిస్తుంది. తల చుట్టుకొలత కంటే అంగుళం తగ్గించి కత్తిరించండి. వెనక తాడు కన్నాల కింద మందపాటి పట్టీ వేయించండి, లేకుంటే మొదటి పట్టుకే చిరుగుతుంది. తాడు అడుగున నాలుకలా ఇంకో ముక్క ఉండాలి, జుట్టు చిక్కుకోకుండా.

జవాబు (నెల్లూరు): మూడు పట్లలో రెండు గెలిచినవాడిదే ఆట. ఎదుటివాడి ముసుగు పీకేస్తే అనర్హుడే. 1984లో ఎల్ శాంటోని ముసుగుతోనే సమాధి చేశారు. అందుకని ఆ వేషం కట్టినవాడు జనం ముందు ముసుగు తీయనే కూడదు, నీళ్లు తాగేందుకు నోటి దగ్గర వెడల్పుగా వదలండి. మొదట్లో నిమిషంపాటు చప్పట్లు కొట్టించండి, అక్కడ అదీ నివాళే.