ఇంట్లో ప్రాక్టీస్‌కి చిన్న గిటార్ ఆంప్ (యాంప్లిఫయర్) ఏది తీసుకోవాలి?

మాది కూకట్‌పల్లిలో ఫ్లాట్, గోడకి అవతల పక్కింటివాళ్ల చంటిపాప, పైగా నాకు గిటార్ పట్టుకునే తీరిక దొరికేదే రాత్రి 10 దాటాక. ఇన్నాళ్లూ ఎలక్ట్రిక్ గిటార్‌ని ఫోన్‌కి తగిలించి ఏదో యాప్‌తో లాక్కొచ్చాను గానీ, తీగ మీటిన క్షణం తర్వాత గానీ సౌండ్ రాదు, దాంతో తాళం తప్పి చిరాకు. అందుకే ఆంప్ కొనేద్దామని. బడ్జెట్ 8 వేలు, మహా అయితే ఇంకో వెయ్యి.

బాస్ (Boss) కంపెనీ కటానా మినీ (7 వాట్లు), బ్లాక్‌స్టార్ ఫ్లై 3 (3 వాట్లు) చూస్తున్నాను. రెండూ ఆరు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి, హెడ్‌ఫోన్ జాక్ ఉంది. ఫ్రెండ్ ఇంట్లో ఆరెంజ్ క్రష్ 12 అనే ఆంప్‌లో వాయించాను, సౌండ్ భలే ఉంది గానీ వాల్యూమ్ కాస్త తిప్పేసరికి వాళ్లమ్మగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడ్డారు!

నాకు తెలియాల్సింది ఒకటే: బాగా తగ్గించి పెట్టినా పీలగా వినపడనిది ఈ రెండిట్లో ఏది? నేను ఎక్కువగా వాయించేది క్లీన్ టోనే (గరగర లేని సాఫీ సౌండ్), డిస్టార్షన్ (రాక్ పాటల్లో వినిపించే గరగర సౌండ్) ఎప్పుడో సరదాకి. హెడ్‌ఫోన్స్‌లో కటానా మినీ ఎలా ఉంటుందో వాడినవాళ్లు చెప్పండి. సెకండ్‌హ్యాండ్‌లో కాస్త పెద్దది దొరికితే అదే నయమా? అలా కొనేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా చెబుదురూ.