మెరిడియన్ టాపింగ్: పనిచేసేది బిందువులా, ఇంకేదైనానా?

సందేహి
మా అక్క కొన్నాళ్లుగా ఆందోళన తగ్గడానికి ఈఎఫ్‌టీ (ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్) అనే టాపింగ్ చేస్తోంది. అరచేతి అంచు, కనుబొమ్మ, కంటి పక్క, ముక్కు కింద, గడ్డం, కాలర్ బోన్, చంక కింద, ఇలా కొన్ని బిందువుల మీద వరసగా వేళ్లతో తట్టుకుంటూ "నాకీ భయం ఉన్నా నన్ను నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను" అనుకుంటుంది. ఆ తర్వాత తేలికపడుతున్న మాట నిజమే. కానీ ఒంట్లో మెరిడియన్లనే శక్తి మార్గాలు, వాటిలో అడ్డంకులు అనేసరికి నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఇప్పుడామె దీన్ని ఇతరులకు నేర్పే కోర్సులో చేరతానంటోంది. ఏమంటారు?

వెన్నెల
చేరనివ్వండి. నేనూ చేస్తాను, నలుగురిలో మాట్లాడే ముందు టెన్షన్ బాగా తగ్గుతుంది. ఇది వట్టి అనుభవం కాదు. 2012లో డాసన్ చర్చ్ అనే పరిశోధకుడి బృందం 83 మందిని మూడు జట్లు చేసి, వాళ్ల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని కొలిచింది. టాపింగ్ జట్టులో సగటున 24 శాతం తగ్గింది, మిగతా రెండు జట్లలో అంతలేదు. హార్మోన్‌కి నమ్మకాలూ అపనమ్మకాలూ ఉండవు కదా!

తర్కం
వెన్నెల గారూ, ఆ మిగతా రెండు జట్లూ ఏం చేశాయో కూడా చెప్పాలి. ఒక జట్టుతో కూర్చుని ఓదార్పుగా మాట్లాడారు, రెండోదానికి ఏ చికిత్సా ఇవ్వలేదు. తప్పు చోట తట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. బిందువులకి మహత్తు ఉందో లేదో దాన్నిబట్టి ఎలా తేలుతుంది?

అది తేల్చడానికి చేసిన ప్రయోగం వేరే ఉంది. 2003లో వెయిట్, హోల్డర్ అనే పరిశోధకులు 119 మంది విద్యార్థులను నాలుగు జట్లు చేశారు. ఒక జట్టు అసలు బిందువుల మీద తట్టుకుంది, ఒకటి సంబంధం లేని చోట్ల తట్టుకుంది, మూడోది ఒక బొమ్మ మీద తట్టింది. ఈ మూడింటిలోనూ భయం దాదాపు ఒకేలా తగ్గింది. టాపింగే లేని నాలుగో జట్టులో తగ్గలేదు. బొమ్మకి మెరిడియన్లు ఎక్కడివండీ?

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. ఈ పద్ధతికి మూలపురుషుడు రోజర్ కాలహాన్ అనే అమెరికన్ సైకాలజిస్టు. ఒక్కో సమస్యకి బిందువుల వరస ఒక్కోలా ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ వృత్తికి ఇంజనీరు. 1990లలో ఆ వరసలన్నీ పక్కనపెట్టి, అన్ని సమస్యలకీ ఒకే చుట్టు అన్నాడు. అయినా జనానికి అలాగే గుణం కనిపించింది! 2005లో మోనికా పిగ్నొట్టి కాలహాన్ వరసను, ఇష్టమొచ్చినట్టు కలిపేసిన వరసతో పోల్చి చూస్తే తేడా రాలేదు. ఆమె అంతకుముందు ఆ పద్ధతి చేసిన మనిషే.

వెన్నెల
బొమ్మని తట్టింది వేళ్లతోనే కదా. వేలికొనల్లోనూ బిందువులున్నాయి. పైగా 2020లో పీటా స్టేపుల్టన్ బృందం కార్టిసాల్ ప్రయోగాన్ని మళ్లీ చేస్తే తగ్గుదల 43 శాతం వచ్చింది. దాన్నేమంటారు?

తర్కం
అలాగైతే రోజంతా కీబోర్డు కొట్టేవాళ్లకి దిగులే ఉండకూడదు. ఎక్కడ తట్టినా ఏదో ఒక బిందువే అయితే, తప్పు బిందువంటూ మిగలదు. అలాంటి వాదాన్ని ఇక దేంతో పరీక్షిస్తాం? స్టేపుల్టన్ ప్రయోగంలోనూ పోలిక జట్లు ఇంతకుముందు లాంటివే.

నిదానం
నేను కౌన్సెలింగ్ చేస్తాను. మెరిడియన్లను నేనూ నమ్మను, కానీ తర్కం గారు ఒకటి వదిలేశారు. బొమ్మ ప్రయోగంలో తట్టిన ఆ మూడు జట్లలోనూ భయం తగ్గింది! ఎందుకు తగ్గిందన్నదే నాకు ఆసక్తి. భయపడే విషయాన్ని మనసులోకి తెచ్చుకోవడం, దానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోవడం, ఒంటిని కుదుటపరుస్తూ మళ్లీ మళ్లీ దాన్నే తలచుకోవడం. ఇది చాలావరకు భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోనిచ్చే పాత ఎక్స్‌పోజర్ చికిత్సే. ఆ మార్కుల పద్ధతి కూడా అలాంటి చికిత్సకు పేరుపడ్డ మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పీ నుంచి వచ్చిందే. చేదు జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిపించే ఈఎండీఆర్ చికిత్సనీ మొదట్లో ఎగతాళి చేశారు. కళ్ల కదలిక అవసరమా కాదా అన్న తగవు ఇంకా తెగలేదు, అయినా 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి (ఘోర సంఘటనల తర్వాత వెంటాడే మానసిక సమస్యకి) దాన్ని సిఫారసు చేసింది.

సందేహి గారూ, రోజువారీ టెన్షన్‌కి మీ అక్క టాపింగ్ చేసుకుంటే నాకే అభ్యంతరమూ లేదు. నేను అడిగేవి వేరు. డాక్టర్ రాసిన మందులేమైనా ఆపేశారా? చిన్నప్పటి చేదు సంఘటనల్లాంటివి ఒంటరిగా కూర్చుని తవ్వుతున్నారా? అలా తవ్వినప్పుడు కొందరు ఊపిరాడనంతగా కంగారుపడతారు, పక్కన పట్టుకునే మనిషి ఉండరు. ఇక నేర్పడం అంటారా, చిన్న కోర్సు చేసి ట్రామా (మనసుకి లోతైన గాయం) ఉన్నవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

వెన్నెల
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. నేర్పేవాళ్లలో బాధ్యత తెలిసినవాళ్లూ అదే చెబుతారు. బిందువుల సంగతిలో మాత్రం నా మాట నాదే.

సందేహి
అక్కకి మందులేమీ లేవు. పాత విషయాలు తవ్వుతోందో లేదో ఎప్పుడూ అడగలేదు, అడుగుతాను. కోర్సు డబ్బు ఇంకా కట్టలేదు.

తర్కం
కట్టేలోపు ఆ బొమ్మ ప్రయోగం గురించి నేర్పేవాళ్లనే అడగమనండి. ఏం చెబుతారో ఇక్కడ రాయండి.