డెసిడువా సెక్షన్‌ల ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రంగు అస్సలే వస్తలేదు, ఎవరన్న చెప్పుండ్రి

నమస్తే అందరికి. మాది నల్గొండ, ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టుల గర్భం మొదట్ల గర్భాశయం లోపలి పొర డెసిడువాగ ఎట్ల మారుతదో చుంచెలుకలల్ల చూస్తున్నం. ప్లగ్ (ఎలుకలు జతకట్టినంక ఆడదాని యోనిల గడ్డకట్టే బిరడా) కనవడ్డ రోజు 1వ రోజు అనుకోని 7వ రోజు పొద్దున టిష్యూ తీసినం.

హెచ్ అండ్ ఈ (కణాల ఆకారం చూసే మామూలు రంగు) స్లైడ్ మంచిగనే వచ్చింది, మామూలుగ కదురు లెక్క సన్నగుండే స్ట్రోమా (పొరకు ఆధారంగుండే టిష్యూ) కణాలు ఉబ్బి గుండ్రంగయి ఒకదానికొకటి ఆనుకోని ఉన్నయి, కొన్నిట్ల రెండేసి న్యూక్లియస్‌లు గూడ కనవడ్డయి, చూస్తె మస్తు సంబురమైంది. అంటె డెసిడువా అయితె తయారైంది. ఈ కణాలల్ల ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ బాగ పెరుగుతది గదా, అదే రంగుతోని చూపియ్యాలని మూడుసార్లు చేసిన, మూడుసార్లూ స్లైడ్ తెల్లగనే ఉంది.

ఫార్మలిన్‌ల 24 గంటలు, తర్వాత 60 డిగ్రీల మైనం, 5 మైక్రాన్ల సెక్షన్ (సన్నటి ముక్క). బీసీఐపీ-ఎన్‌బీటీ (ఈ ఎంజైమ్ ఉన్నకాడ రంగు తెచ్చే మందులు), ట్రిస్ బఫర్ పీహెచ్ 9.5, మెగ్నీషియం క్లోరైడ్ వేసిన. ఫాస్ఫేట్ ఈ ఎంజైమును అడ్డుకుంటదని కడుగుడు గూడ పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉన్న బఫర్) బందువెట్టి ట్రిస్‌తోనే చేసిన. మొదలు 30 నిమిషాలు, ఆఖరుసారి 37 డిగ్రీల దగ్గర 2 గంటలు పెట్టిన. ఈ ఎంజైమ్ ఎట్లయిన ఉండే కిడ్నీని సరిచూసుకునేతందుకు అదే తీరుగ చేసిన, ఆ స్లైడ్‌ల గూడ రంగు రాలే, అందుకే తప్పు గర్భాశయంల లేదు, నా పద్ధతిలనే ఉన్నదనిపిస్తుంది.

మైనం వేడికే ఎంజైమ్ సచ్చిపోతుందా అని నా అనుమానం. మైనం లేకుంట టిష్యూను గడ్డకట్టించి కోసే క్రయోస్టాట్ మిషిన్ మా దగ్గర లేదు, హైదరాబాద్ పోవాలె, టిష్యూ గూడ కొంచమే మిగిలింది.

మీల ఎవరికన్న మైనం సెక్షన్‌ల మీద ఈ రంగు వచ్చిందా, వస్తె ఫిక్సింగ్, మైనం వేడి ఎంతెంత పెట్టిన్రు?