సీబీఐ పేరుతో ఫోన్ వస్తే ఎక్కడికి పరుగెత్తాలి?

కేఆర్‌పురం_కాపురం:
మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకి తెలుగులో ఒక పేజీ తయారు చేస్తున్నాం. ఊళ్ల నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ల కోసం. "సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అని వీడియో కాల్లో బెదిరించి డబ్బు లాగే మోసపు ఫోన్ల గురించి. మూడు సందేహాలు. ఫిర్యాదు బెంగళూరు గంగానగర్ సీబీఐ ఆఫీసుకా, మన సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాల) స్టేషన్‌కా? అసలు నోటీసుని ఎలా పోల్చుకోవాలి? ఆధార్ కాపీ ఇప్పటికే వాళ్ల చేతిలో పడితే ఏం చెయ్యాలి?

బ్యాంకు_బాబాయి:
ముందు 1930, సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఏ ఆఫీసైనా ఆ తర్వాతే. ఫోన్ కలిసేలోపు కాగితం మీద రాసి పెట్టుకోండి: ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు. యూపీఐ, ఐఎంపీఎస్ అయితే 12 అంకెలు, నెఫ్ట్ 16, ఆర్టీజీఎస్ 22 అక్షరాలు. అందులో ఒక్కటి తప్పు చెప్పినా అవతలి బ్యాంకులో ఆ ఎంట్రీ దొరకదు. ఈ మోసాల్లో ఎఫ్‌డీలు బ్రేక్ చేయించి మరీ ఆర్టీజీఎస్ పెట్టిస్తారు. అది 2020 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది, ఆదివారం కూడా. మొదటి ఖాతాలోంచి ముక్కలై పది ఖాతాల్లోకి పోతుంది, చివరికి ఏటీఎమ్మో క్రిప్టోనో. లీన్ (సొమ్ము కదలకుండా బ్యాంకు ఆపడం) పడేది ఇంకా ఖాతాలో మిగిలున్న సొమ్ము మీదే. 1930కి చెప్పాక మెసేజీలో ఒక నంబరు వస్తుంది, దాంతో 24 గంటల్లో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పూర్తి చెయ్యాలి. ఫోన్ చేశాం కదా అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

వకీల్_వైట్‌ఫీల్డ్:
గంగానగర్ వెళ్లి లాభం లేదు. కర్ణాటక 2024 సెప్టెంబరులో సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతి, అంటే ప్రతి కేసుకీ అడగకుండా రాష్ట్రంలో దర్యాప్తు చేసుకునే అనుమతి, వెనక్కి తీసుకుంది. సీబీఐకి సొంత చట్టమే లేదు, 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ చట్టం మీద బతుకుతోంది. దాని సెక్షన్ 6 ప్రకారం రాష్ట్రం ఊ అనకపోతే ఇక్కడ అడుగు పెట్టలేదు. ఇరవై ఏళ్లుగా క్రిమినల్ సైడే నాది, తెలిసే చెబుతున్నా.

హోసూరు_రోడ్డు:
సగం చెప్పి ఆపేశారు వకీలు గారూ. హైకోర్టో సుప్రీంకోర్టో ఆదేశిస్తే సమ్మతితో పని లేదని రాజ్యాంగ ధర్మాసనం 2010లోనే తేల్చింది, పశ్చిమ బెంగాల్ కేసులో. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్టు కేసులను సీబీఐ చేతిలో పెట్టింది. దొంగ ఖాతాలు తెరిపించిన బ్యాంకు ఉద్యోగుల్ని అవినీతి నిరోధక చట్టం కింద చూడమని కూడా చెప్పింది.

వకీల్_వైట్‌ఫీల్డ్:
అయితే సమ్మతి ఇవ్వని రాష్ట్రాలను ఇవ్వమని అదే కోర్టు ఎందుకు అడిగిందో సెలవియ్యండి.

హోసూరు_రోడ్డు:
ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం కేసుల్లో దర్యాప్తు ఎక్కడా ఆగకూడదని. మీరు "అడుగు పెట్టలేదు" అన్నారు, నేను ఆ మాటకే జవాబిచ్చాను. మాట మార్చకండి.

మారతహళ్ళి_మూర్తి:
మీ సెక్షన్లు మీరు చూసుకోండి. ఎన్ఐఏ, జాతీయ దర్యాప్తు సంస్థ, ఎందుకు రాదు? బ్రూక్‌ఫీల్డ్ రామేశ్వరం కేఫ్ పేలుడు 2024 మార్చి 1న. రెండు రోజుల్లో కేసు తీసుకున్నారు, ఏప్రిల్ 12న ఇద్దర్ని బెంగాల్లో పట్టుకున్నారు. ముసలాళ్ల డబ్బంటే అంత చులకనా?

హోసూరు_రోడ్డు:
చులకన కాదు మూర్తి గారూ, ఎన్ఐఏ చట్టం వెనకాల ఒక షెడ్యూలు, అంటే నేరాల జాబితా, ఉంటుంది. అందులో ఉన్న నేరమైతే రాష్ట్రాన్ని అడగకుండానే వస్తుంది. ముంబై దాడుల తర్వాత 2008లో ఆ చట్టం పుట్టిందే అందుకు. మామూలు మోసం అందులో లేదు. 2019 సవరణలో సైబర్ ఉగ్రవాదం, మనుషుల అక్రమ రవాణా చేరాయి. అందుకే ఉద్యోగమని లావోస్, కాంబోడియా తీసుకెళ్లి ఈ ఫోన్లు చేయించే ఏజెంట్ల కేసుల్లో ఎన్ఐఏ కనిపిస్తుంది, డబ్బు పోయిన కేసుల్లో కాదు.

విశాఖ_వాసు:
ఆ ఏజెంట్లని మా విశాఖ పోలీసులూ పట్టుకున్నారు, 2024 మేలో. డేటా ఎంట్రీ పనని చెప్పి కాంబోడియా పంపారు. ఢిల్లీ పేరున్న ఏజెన్సీలకే దండలు వెయ్యకండి.

నెల్లూరు_సుజాత:
ఇంత గొడవలో రెండో ప్రశ్న ఎవరికీ పట్టలేదు. బోర్డు మీద ఇలా రాయండి అక్కా. బీఎన్‌ఎస్‌ఎస్ (ఇప్పటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 35 నోటీసు, అంటే విచారణకి రమ్మనే కాగితం, వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. సాక్షిగా పిలిచే నోటీసు సెక్షన్ 179 కింద వస్తుంది. ఆడవాళ్లని, 60 దాటిన మగవాళ్లని ఇంటి దగ్గరే అడగాలి తప్ప స్టేషన్‌కి రమ్మనకూడదు. కాగితం మీద ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, అధికారి పేరు, హోదా ఉండాలి. సరిచూసుకోవాలంటే ఆ కాగితం మీది నంబరుకి చెయ్యొద్దు, అక్కడ ఎత్తేదీ వాళ్లే. ఏజెన్సీ సొంత సైట్లో ఉన్న ల్యాండ్‌లైన్‌కి చెయ్యండి. ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) సమన్ల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఈడీ సైట్లోనే చూసుకోవచ్చు. వీడియోలో ఖాకీ డ్రెస్సు, వెనకాల జెండా, గోడ మీద పెద్ద ముద్ర కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు, పెట్టెయ్యండి. సీబీఐ వాళ్లు మామూలుగా అసలు ఖాకీ వేసుకోరు.

మారతహళ్ళి_మూర్తి:
డబ్బు బ్యాంకే ఇచ్చెయ్యాలని రిజర్వు బ్యాంకు రూలుందిగా? మూడు రోజుల్లో చెబితే చాలని?

బ్యాంకు_బాబాయి:
2017 జూలై సర్క్యులర్ అది. మనకి తెలియకుండా పోయిన డబ్బుకి, మూడు పని దినాల్లో చెబితే వర్తిస్తుంది. ఇక్కడ ఆర్టీజీఎస్ ఫారం మీద సంతకం పెట్టింది మనమే, బ్యాంకు ముందు అదే చూపిస్తుంది. లీన్ పడిన సొమ్ము వెనక్కి రావాలంటే మామూలుగా మేజిస్ట్రేటు దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 503 అర్జీ వెయ్యాలి, పాత సీఆర్‌పీసీలో 457. ఎఫ్ఐఆర్ కాపీ, స్టేట్‌మెంటు, 1930 ఫిర్యాదు నంబరు జత చెయ్యాలి. ఎఫ్ఐఆర్ లేకుండా వేస్తే చాలా చోట్ల నిలబడదు.

వకీల్_వైట్‌ఫీల్డ్:
స్టేషన్లో "ఇది మా పరిధి కాదు" అంటే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 చూపించండి, జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధి ఏదైనా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాల్సిన ఎఫ్ఐఆర్. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఇందులోనూ తప్పు పడతారా హోసూరు వారూ?

హోసూరు_రోడ్డు:
ఇది కరెక్టే.

కేఆర్‌పురం_కాపురం:
ఆధార్ సంగతి?

నెల్లూరు_సుజాత:
ఎం‌ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చెయ్యండి. టెలికాం శాఖ సైటు సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో చూసి, మీవి కానివి రిపోర్టు చెయ్యండి. ఫోన్ వచ్చింది గానీ డబ్బు పోలేదంటే అందులోనే అనుమానపు ఫోన్లు రిపోర్టు చేసే చక్షు ఉంది, ఆ నంబరు అక్కడ ఇవ్వండి. బోర్డు మీద 1930 మాత్రం లిఫ్టు దగ్గర నిలబడినా కనిపించేంత పెద్దగా రాయించండి.