చిన్నపిల్లల పారితోషికంలో 20 శాతం డిపాజిట్: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మా అక్క కూతుర్ని ఒక సినిమాలో హీరోయిన్ చిన్నప్పటి వేషానికి అడిగారు. ఇంట్లో అందరూ సంబరపడిపోతున్నారు. నాకు మాత్రం జాకీ కూగన్ గుర్తొస్తున్నాడు.

1921లో ‘ది కిడ్’లో చాప్లిన్ పక్కన నటించిన బుడతడు అతనే. చిన్నతనంలోనే లక్షల డాలర్లు గడించాడు. 1935లో తండ్రి కారు ప్రమాదంలో పోయాడు. తర్వాత తల్లి, వాళ్ల డబ్బు వ్యవహారాలు చూసే ఆయన్నే పెళ్లాడింది. మేజరయ్యాక తన సంపాదన తనకిమ్మంటే, చట్టప్రకారం అది నీది కాదన్నారు. 1938లో కోర్టుకెక్కితే చివరికి దక్కింది దాదాపు 1,26,000 డాలర్లు. ఆ గొడవతోనే 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనను కాపాడే చట్టం వచ్చింది.

మన దేశంలోనూ 2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం పిల్లల షూటింగుకు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి, రోజుకు 5 గంటలు మించకూడదు, పారితోషికంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ) వేయాలి. సినిమావాళ్ల మేనేజరేమో ‘అవన్నీ మేం చూసుకుంటాం’ అంటున్నాడు. మా బావ మొహమాటస్తుడు, గట్టిగా అడగడు.

మీ పిల్లలు నటించి ఉంటే చెప్పండి: ఎఫ్‌డీ మాట అగ్రిమెంటులో రాయించారా? రసీదు ఎప్పుడు చేతికొచ్చింది? అనుమతి కాగితం నకలు అడిగితే ఇస్తారా? వచ్చేవారమే సంతకాలు.